మందుల సంచీలు విప్పి చూసిన ఇద్దరికీ కృతజ్ఞతలు

మా కాలనీ పెద్దల దిగులుకు (డిప్రెషన్‌కు) వాళ్లు వాడే మందులే కారణమేమోనని వాళ్ల మందుల సంచీలన్నీ ఓపిగ్గా విప్పి చూసిన ఫార్మసిస్టు గారికి, ఆయన రాసిచ్చిన కాగితాలు చదివి మార్పులు చెప్పిన డాక్టరమ్మ గారికి సంఘం తరఫున నమస్కారాలు. "వయసు మీద పడింది, దిగులు మామూలే" అని వదిలేయకుండా, మందు వల్లేమో చూద్దాం అన్నారు.

చీటీలో ఉన్నవే కాదు, కంటి చుక్కలూ, లేహ్యాలూ, పక్కింటివాళ్లిచ్చిన నిద్రమాత్రలూ బల్లమీద పెట్టించారు. ప్రతి మందు పక్కన అది మొదలైన తేదీ, దాని పక్కన దిగులు మొదలైన తేదీ రాశారు. మందు మొదలెట్టాకో, మోతాదు పెంచాకో కొన్ని వారాల్లో మనిషి మారితే ముందు దాన్నే అనుమానించాలట.

ఎక్కువసేపు మాట్లాడింది ఫ్లూనారిజిన్ గురించి. తల తిరుగుడుకీ, మైగ్రేన్‌కీ ఇచ్చే ఈ మాత్రను కొందరు నెలల తరబడి వేసుకుంటూనే ఉంటారు. అది మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. దాంతో దిగులు, నడక మందగించడం, చేతుల వణుకు రావచ్చు. దాన్ని పార్కిన్సన్స్ జబ్బనుకుని దానికింకో మందు మొదలెడితే చిక్కు రెట్టింపు. సిన్నారిజిన్ దీని చుట్టమే. గ్యాస్ బిళ్లలో కలిసొచ్చే లెవోసల్పిరైడ్ కూడా అదే బాపతు, కాకపోతే స్ట్రిప్పు మీద చిన్నక్షరాలు చదివితేగానీ తెలీదు.

స్టెరాయిడ్లు (ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మి.గ్రా. దాటితే మరీ) మనసును కుదిపేస్తాయి. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ బిళ్లలతో రక్తంలో సోడియం 135 కంటే పడిపోతే వచ్చే మందకొడితనం అచ్చం దిగులులాగే ఉంటుంది; రక్తపరీక్షలో తేలిపోతుంది. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ (షుగరు బిళ్ల) వాడేవాళ్లకు విటమిన్ బీ12 తగ్గిందేమో చూడాలి. బీపీకీ, గుండె దడకీ ఇచ్చే ప్రొప్రనలాల్‌ను పాతకాలం నుంచీ తిడుతున్నారుగానీ, దిగులు విషయంలో దాని తప్పు అంతగా రుజువు కాలేదు. అలసట, పీడకలలు మాత్రం నిజమే.

ఏదీ సొంతంగా ఆపొద్దని ఇద్దరూ గట్టిగా చెప్పారు. క్లోనజెపామ్ (ఆందోళనకిచ్చే మత్తు మాత్ర), స్టెరాయిడ్లు, బీటా బ్లాకర్లు (ప్రొప్రనలాల్ లాంటివి) ఠక్కున మానితే ప్రమాదం. డాక్టరు ఆపమన్నా ఫ్లూనారిజిన్ ఒంట్లో సగం తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది, అందుకే వారానికే ఫలితం చూడొద్దు. 15 ప్రశ్నల వృద్ధాప్య దిగులు పట్టికను ఇప్పుడోసారి, కొన్ని వారాలకు మరోసారి నింపించాలి. అప్పటికీ మార్కులు 5 దాటితే దిగులుకే వైద్యం. చావు మాటలు వినిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయాలి.

ఫార్మసిస్టు గారిని బాగా ఇబ్బంది పెట్టింది కత్తిరించిన స్ట్రిప్పులు. పేరు, గడువు తేదీ ఉన్న చివర నుంచి కాకుండా రెండో చివర నుంచి కత్తిరించుకోండి.