ఆన్‌లైన్ పాఠం కావాలి, మా నంబర్లు మాత్రం బయటపడకూడదు: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యా, ఐటీ శాఖల మంత్రి నారా లోకేశ్ గారికి నమస్కారాలు.

నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి మండలం అమ్మాయిని, డిగ్రీ చదువుతున్నాను. తుపాను సెలవులొచ్చినా, సిలబస్ మిగిలిపోయినా మా క్లాసు ఫోన్‌లోనే జరుగుతుంది. అది వద్దని నేను అనను. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. అలాంటప్పుడు ఇంట్లో కూర్చుని చదువుకునే వీలుండాల్సిందే.

కానీ లైవ్ క్లాసంటే సిగ్నల్ కోసం మిద్దెక్కాలి. వానలో అదీ కుదరదు. కరెంటు పోతే కాసేపటికి సిగ్నలూ పోతుంది. అయినా లైవ్‌లో కనిపించినవాళ్లకే హాజరు వేస్తున్నారు. మా మేడం ఒకరు పాఠాన్ని చిన్న చిన్న వాయిస్ మెసేజ్‌లుగా పంపుతారు, తెలుగులో రాసిన నోట్సు ఫొటోలు జత చేస్తారు. అర్థం కానిచోట మళ్లీ మళ్లీ వింటాం. మాకు నిజంగా పనికొచ్చిన ఆన్‌లైన్ చదువు అదే.

అసలు బాధ వేరే ఉంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో చేరితే మా నంబర్లు అందరికీ కనిపిస్తాయి. లింకు చేతులు మారి ఎవరెవరో చేరిపోయారు. రాత్రిళ్లు తెలియని నంబర్ల నుంచి అమ్మాయిలకు మెసేజ్‌లు మొదలయ్యాయి. నా స్నేహితురాలు భయపడి గ్రూపు నుంచి బయటికొచ్చేసింది. ఇంటర్నల్ పరీక్ష తేదీ ఆ గ్రూపులో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు. తను పరీక్ష రాయలేకపోయింది. ఇంట్లో చెబితే ఫోనే లాగేసుకుంటారని ఇప్పటికీ చెప్పలేదు. మా ఊళ్లలో ఆడపిల్ల చేతికి ఫోన్ రావడమే కష్టం సార్. ఇలాంటిది ఒక్కటి బయటపడితే చదువు అక్కడితో ఆగిపోతుంది.

దీనికి కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు. వాట్సాప్ ఛానెల్ పెడితే ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. 2025 జనవరి నుంచి మన మిత్ర ద్వారా మీ ప్రభుత్వం వాట్సాప్‌లోనే సేవలు అందిస్తోంది. ఆ అనుభవం మీ దగ్గర ఉంది. ప్రతి డిగ్రీ కాలేజీకి ఒక అధికారిక ఛానెల్ పెట్టించండి. తేదీలు నోటీసు బోర్డులోనూ, ఎస్సెమ్మెస్‌లోనూ వచ్చేలా చూడండి. లైవ్‌కు రాలేదని హాజరు కొయ్యొద్దని యూనివర్సిటీలకు రాయండి. అమ్మాయిల ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి కాలేజీలో ఒక మహిళా అధ్యాపకురాలి పేరు ప్రకటించండి.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులుండే స్వయం పోర్టల్‌లో ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా చేసుకోవచ్చని యూజీసీ 2021లోనే చెప్పింది. మంచిదే. ఆ వీడియోలకూ ఇదే ఫోన్, ఇదే రోజువారీ డేటా. కాబట్టి డౌన్‌లోడ్ చేసుకునే ఆడియో, తెలుగు నోట్సు కూడా ఇప్పించండి.

వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా ఛానెళ్ల ఉత్తర్వు ఒక్కటైనా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఉదయగిరి మండలం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని