ముందు ఇంటివాళ్లకు తెలియనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వసంతం వచ్చింది. చెట్లు చిగురించాయి, పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. సైన్యంలో ఉన్న మా వారు మాత్రం ఏ సరిహద్దులో ఉన్నారో మాకే తెలియదు. భద్రత కోసం చెప్పకూడదు, అది అర్థం చేసుకోగలం. యూనిట్‌లో ఎవరైనా చనిపోతే, ఆ ఇంటికి కబురు చేరేదాకా మిగతావాళ్ల ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేసే పద్ధతి కొన్ని సైన్యాల్లో ఉంది. అదీ న్యాయమే. కానీ ఫోన్ కలవని ఆ గంటల్లోనే టీవీలో ‘సైనికుల మృతి’ అని స్క్రోలింగ్ వస్తే ప్రతి ఇంట్లోనూ గుండె ఆగినంత పనవుతుంది. పిల్లల ముందు ఆ టెన్షన్ దాచుకోవడం మరీ కష్టం. దయచేసి, కుటుంబానికి తెలియజేశామని సైన్యం చెప్పాకే యూనిట్ పేరు, ఫొటోలు వేయండి. ఇరుగుపొరుగు వారికీ ఒక మాట: ‘ఎప్పుడొస్తారు?’ అని అడగకండి. మా పిల్లల్నీ కాసేపు మీ పిల్లలతో ఆటకు తీసుకెళ్లండి, అదే పెద్ద సాయం.

– ఒక సైనికుడి భార్య