మ్యుటేషన్ అంటే జబ్బు ఒక్కటే కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. మీ సైన్స్ పేజీలో మ్యుటేషన్ (డీఎన్ఏ రాతలో అక్షరం మారడం) అనే మాట వచ్చిందంటే క్యాన్సర్ గురించో కొత్త వైరస్ గురించో అయ్యుంటుంది, అవి చదివి మా పిల్లలు కూడా "మ్యుటేషన్ అంటే చెడిపోవడమే కదా మేడమ్" అంటున్నారు, అందుకే ఈ ఉత్తరం.

చాలా బ్యాక్టీరియాలో క్రోమోజోమ్ కాకుండా ప్లాస్మిడ్ అని గుండ్రటి చిన్న డీఎన్ఏ కూడా ఉంటుంది. 1977లో తయారైన పీబీఆర్322 అనే ప్లాస్మిడ్ ఒక్కో కణంలో 15, 20 కాపీలు దాటదు. కాపీ మొదలవ్వాలంటే ప్లాస్మిడ్ నుంచే తయారయ్యే ఆర్ఎన్ఏ-2 అనే పోగు కావాలి, దానికి ఆర్ఎన్ఏ-1 అనే ఇంకో పోగు వచ్చి అతుక్కుని ఆపేస్తుంది, రాప్ అనే బుల్లి ప్రోటీన్ ఆ అతుకుని గట్టి చేస్తుంది, ప్లాస్మిడ్లు పెరిగేకొద్దీ ఆర్ఎన్ఏ-1 కూడా పెరిగి బ్రేక్ దానంతటదే పడుతుంది. ఇప్పుడు ల్యాబుల్లో అందరం వాడే పీయూసీ19 ఆ వంశమే, కానీ దాంట్లో రాప్ జీన్ లేదు, పైగా ఆర్ఎన్ఏ-2లో జీ (G) అనే అక్షరం ఉండాల్సిన ఒక్కచోట ఏ (A) పడింది. మొత్తం 2,686 అక్షరాల్లో ఒక్కటంటే ఒక్కటి! దాంతో ఆర్ఎన్ఏ-2 మడత మారి ఆర్ఎన్ఏ-1కి సరిగ్గా దొరకదు, 37 డిగ్రీల దగ్గర కాపీలు 500 పైకి పోతాయి.

వేడి సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మా ల్యాబ్‌లో ఒకసారి ఒక బ్యాచ్ వాళ్లు ఫ్లాస్కుల్ని పొరపాటున 30 దగ్గర పెట్టేశారు. ప్లాస్మిడ్ తీసి జెల్‌లో నడిపి యూవీ కింద పెడితే (ఎంత డీఎన్ఏ ఉంటే బ్యాండు అనే గీత అంత లావు) పక్క బ్యాచ్ బ్యాండు లావుగా వెలుగుతోంది, వీళ్లది పెన్సిల్ గీతలా సన్నగా ఉంది, పాపం ఒకమ్మాయి తనే ఏదో పాడుచేశానని కళ్లనీళ్లు పెట్టుకుంది. తన చేతిపని బాగానే ఉంది, 30 దగ్గర ఆ మ్యుటేషన్ ప్రభావం బాగా తగ్గిపోతుంది, అంతే. నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా ఎక్కనిది ఆ రెండు బ్యాండ్లు పక్కపక్కన చూశాక వాళ్లకి ఎక్కింది.

ఇది ల్యాబ్‌లో ఆగిపోయే విషయం కూడా కాదు. యాంటీబయాటిక్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ జీన్ ప్లాస్మిడ్ మీద ఉన్నప్పుడు ఇలాంటి మ్యుటేషనే పడితే కాపీలు పెరుగుతాయి, ఎంజైమ్ పెరుగుతుంది, నిన్న పనిచేసిన డోసుకి ఆ బ్యాక్టీరియా చావదు.

అందుకని ఈసారి మ్యుటేషన్ గురించి వేసినప్పుడు ఏ అక్షరం, ఎక్కడ, దానివల్ల ఏం మారింది అని నాలుగు లైన్లు వేయించండి. మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకి కత్తిరించి పెట్టుకుంటాం.

– ఒక మైక్రోబయాలజీ లెక్చరర్, గుంటూరు