ఇంటిపేరుతో వెతక్కు

చి. బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాసేది.

నీకు డర్బన్‌లో ఉద్యోగమని తెలిసిన దగ్గర్నుంచి నానమ్మ ఒకటే పోరు, ఓడెక్కిపోయిన తాత జాడ కనుక్కోమని. ఆయన మా ముత్తాతకి స్వయానా తమ్ముడు. వ్యాపారానికి వెళ్ళాడని ఇంట్లో చెప్పుకుంటారు. నేను నమ్మను. సెంటు భూమి లేని కుర్రాడికి వ్యాపారమేమిటి? సొంత డబ్బుతో వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది గుజరాతీ వర్తకులు. మద్రాసులో ఓడెక్కిన మనవాళ్ళు చాలావరకు గిర్మిట్ కూలీలే, అంటే ఒప్పందం మీద సంతకం పెట్టి వెళ్ళిన కూలీలు. అయిదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులు.

1860 నవంబరులో ట్రూరో ఓడతో మొదలై 1911లో ఆగేలోగా 1,52,184 మందిని నేటాల్‌లో, అంటే మీ డర్బన్ ఉన్న ప్రాంతంలో, దించారు. తలా ఒక నంబరు ఇచ్చారు. ఆ ఓడల జాబితాల గురించి క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం డాక్యుమెంటేషన్ కేంద్రంలో అడుగు.

ఇంటిపేరు పట్టుకుని వెతక్కు. జాబితాలో రాసుకున్నది మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటిమీద మచ్చలు. మన వైపు అప్పన్నలకి కొదవా? అందుకే ఊరు, తండ్రి పేరు రెండూ కలవాలి. దొరగారి చెవికి ఎలా వినబడితే అలా రాసుంటారు, పైకి చదువుకుంటూ చూడు.

రెవెన్యూలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇంకో మాట. శ్రీకాకుళం జిల్లా అని చూస్తే దొరకదు, ఆ జిల్లా పుట్టిందే 1950లో. అప్పట్లో మనది గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా; శ్రీకాకుళాన్నే దొరలు అలా రాసేవారు. గంజాం అని కనబడితే ఒడియావాళ్ళనుకుని వదిలెయ్యకు. మీ ఆఫీసులో ఆ రెడ్డిగారమ్మాయికీ చెప్పు: నార్త్ ఆర్కాట్ అని ఉన్నంతమాత్రాన తమిళనాడు కానక్కర్లేదు, 1911 దాకా చిత్తూరు అందులోదే.

నంబరు దొరికితే ముందూ వెనకా నంబర్లు కూడా చూడు. ఒక కుటుంబంగా ఎక్కినవాళ్ళవి సాధారణంగా వరసగా ఉంటాయి. వందమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన కూడా ఉండేది. మన తాత మాత్రం పెళ్ళాన్ని ఇక్కడ వదిలి వెళ్ళాడు, ఆవిడ కడదాకా బొట్టు తియ్యలేదట. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోయినవాళ్ళ మీద 1895 చట్టం ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేసింది. అది కట్టలేక మళ్ళీ కూలికి సంతకం పెట్టినవాళ్ళెందరో. ఈయనా అలాగే ఉండిపోయాడేమో, అక్కడ ఇంకో సంసారం ఉందేమో.

అలాంటిదేదైనా కనబడితే ముందు నాకు ఫోన్ చెయ్యి. నానమ్మకి నేను చెప్పుకుంటాను.

మీ నాన్న