ఆదివారం సీపీఆర్ ట్రైనింగ్, అందరూ రండి

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున వాకింగ్ అయ్యాక కాలనీ కమ్యూనిటీ హాల్‌లో సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతి) నేర్పిస్తున్నారు, గంట పని, పైసా ఖర్చు లేదు. "మనకెందుకులే, 108 ఉంది కదా" అనేవాళ్ల కోసమే ఈ మెసేజ్. 108కి ఫోన్ కొట్టాల్సిందే, అదే మొదటి పని, కానీ ఆ బండి నల్లగొండ ట్రాఫిక్‌లో క్లాక్‌టవర్ దాటి మన సందులోకి వచ్చేలోపే, గుండె ఆగిన మనిషి మెదడు నాలుగైదు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది.

ఎవరైనా పడిపోతే మన దగ్గర ఏమవుతుందో తెలుసు కదా. చుట్టూ గుంపు, ఒకరు నీళ్లు తాగిస్తారు, ఒకరు చేతిలో తాళాలు పెడతారు, ఇంకొకరు వీడియో! అవేవీ వద్దు. భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే (అప్పుడప్పుడు నోరు తెరిచి గురక పెట్టినట్టు ఎగపీల్చడం ఊపిరి కింద లెక్క కాదు) గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, చాలామంది మరిచేది ఇదే. రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, మనిషి మారాలి, అందుకే ఇంటికి ఇద్దరు రండి అంటున్నా.

పోలీసు కేసు టెన్షన్ వద్దు. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవాళ్ల రక్షణకు 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ పెట్టారు.

ప్రాక్టీసుకు బొమ్మలు రెండే వస్తున్నాయి, వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే పేరు పెట్టండి. అక్కలూ, చీరలో మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం కష్టం, డ్రెస్ వేసుకుని రండి.