చలికాలపు గాలికీ ఒక హెచ్చరిక జెండా కావాలి: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విశాఖపట్నం జ్ఞానాపురంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు మొదట నేర్పింది, ఆరిన బట్టల్ని దండెం మీద నుంచి తీసేటప్పుడు గట్టిగా దులిపి తీయమని. దులిపితే నల్లగా రాలేది. ఇప్పుడూ రాలుతోంది. అందులో ఎవరి వాటా ఎంతో తేల్చాల్సింది మీ శాఖ. నేను ఎవరి పేరూ ఎత్తడం లేదు. ఒకే ఒక్కటి అడగడానికి రాస్తున్నాను: చలికాలంలో గాలి చెడిపోయే రోజులకు తుఫానుకు ఇచ్చినట్టే ముందే నంబరుతో హెచ్చరిక ఇవ్వండి.

ధనుర్మాసంలో మా వీధి ఆడవాళ్లం ఐదింటికే లేచి వాకిలి ఊడ్చి ముగ్గు పెడతాం. ఆ వేళప్పుడు ఆకు కూడా కదలదు. వీధి లైటు చుట్టూ తెల్లగా పట్టి ఉంటుంది. మంచు అనుకుంటాం గానీ, మంచుకు వాసన ఉండదు, మంచుకు గొంతు మండదు. పక్కింటి పాపకు ఆరేళ్లు. డిసెంబరు వచ్చిందంటే దాని స్కూలు బ్యాగులో లంచ్ బాక్సు పక్కన ఇన్‌హేలర్ కూడా వెళ్తుంది. నేను డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టడం మానేసి చాలా ఏళ్లయింది.

సముద్రం పక్కనే ఉన్నారు, మీకు గాలికేం లోటు అని బయటి ఊళ్ల చుట్టాలు అంటుంటారు. మా ఊరు గిన్నెలాంటిదని వాళ్లకు తెలియదు. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం వైపు కొండలు, దక్షిణాన యారాడ కొండ. మధ్యలో పల్లపు నేల. 1933లో మొదలైన ఇన్నర్ హార్బర్, ఆ తర్వాత వచ్చిన పరిశ్రమలు, రైల్వే యార్డులు, మా ఇళ్లు అన్నీ ఆ గిన్నెలోనే ఉన్నాయి. యారాడ కొండకు సముద్రం వైపు కొస అయిన డాల్ఫిన్స్ నోస్ అడ్డుగా ఉంది కాబట్టే ఈ రేవు ఓడలకు తుఫాను గాలి నుంచి కాపుదల దొరికింది. ఓడలకు కాపు కాసే ఆ కొండే మా వీధుల్లో గాలి ఆడకుండా చేస్తోంది.

చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, బరువుగా ఉండి, దాని పైన వెచ్చటి గాలి పొర మూతలా పరుచుకుంటుంది. లారీల పొగ, బొగ్గు పొడి, చెత్త తగలబెట్టిన పొగ ఆ మూత కిందే ఉండిపోతాయి. ఎండెక్కి నేల వేడెక్కాక గానీ మూత లేవదు. పిల్లలు స్కూలుకు, పెద్దవాళ్లు వాకింగ్‌కు, పారిశుధ్య కార్మికులు పనికి వెళ్లేది సరిగ్గా ఆ లోపలే.

దీన్ని సగటు లెక్క దాచేస్తుంది. వానాకాలంలో వర్షం గాలిని కడిగేస్తుంది కనుక ఏడాది మొత్తం కలిపి చూస్తే అంకె అంత భయపెట్టదు. రోజు సగటులో తెల్లవారుజాము మధ్యాహ్నంతో కలిసిపోతుంది. కానీ పాప ఊపిరి పీల్చేది ఏడున్నరకు ఆటో ఎక్కేటప్పుడు ఉన్న గాలిని. ఢిల్లీతో పోలిస్తే మనం నయం అని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. గాలిలో తేలే అతి సన్నటి ధూళి కణాలకు, అంటే పీఎం2.5కి, మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరుకు ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. కొలవాల్సింది ఆ హద్దులతో, ఢిల్లీతో కాదు.

2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో విశాఖ ఉంది. 2025-26 నాటికి పీఎం10ని, అంటే అంతకంటే కాస్త పెద్ద కణాలను కూడా కలిపి లెక్కించే ధూళిని, 40 శాతం దాకా తగ్గించాలన్నది అందులోని లక్ష్యం. రోడ్లు ఊడ్చే మిషన్లు, నీళ్లు చల్లే బండ్లు మంచివే, అవి పెద్ద ధూళిని పట్టుకుంటాయి. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేది మాత్రం మంటల నుంచి, ఇంజన్ల నుంచి వచ్చే సన్నటి పీఎం2.5. దాన్ని చీపురుతో ఊడ్చలేం.

అయ్యా, ఇదే ఊళ్లో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. వాయుగుండం పుట్టగానే రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తుంది. నంబరు వినగానే ఏం చేయాలో మత్స్యకారులకు తెలుసు, ఓడల వాళ్లకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఆ నంబరును తేలిగ్గా తీసుకునేవాళ్లు మా ఇంట్లో లేరు. గాలి ఎప్పుడు ఆగిపోతుందో, మూత ఎప్పుడు పడుతుందో కూడా వాతావరణ శాఖ ముందే అంచనా కట్టగలదు. మరి దానికి నంబరెందుకు లేదు?

ఢిల్లీలో 2017 నుంచి గాలి నాణ్యతను బట్టి దశలవారీ ఆంక్షల ప్రణాళిక ఉంది. ఇప్పుడైతే అంచనా చూసి ముందే మొదలుపెడుతున్నారు. దాన్ని ఎత్తి తెచ్చి ఇక్కడ పెట్టమని కాదు. మన గిన్నెకు తగ్గట్టు మనది రాయించండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ముందురోజు సాయంత్రమే నంబరు ప్రకటించండి. మొదటి నంబరుకు బొగ్గు, ఖనిజం ఎత్తి దించే పని తెల్లవారుజామున ఆపి, ఎండెక్కాక చేయాలి. టార్పాలిన్ సరిగ్గా కప్పని లారీ గేటు దాటకూడదు. రెండో నంబరుకు స్కూళ్లు గంట ఆలస్యంగా తెరవాలి, వీధులు ఊడ్చేవాళ్ల షిఫ్టు మార్చాలి. వాళ్లకు మంచి మాస్కులు ఇవ్వాలి. పని ఆలస్యమైన కూలీకి ఆ రోజు కూలి తగ్గకూడదు. ఇది మరీ ముఖ్యం, లేకపోతే మా వీధిలో సగం ఇళ్లు ఈ జెండాను తిట్టుకుంటాయి.

ఆ రోజు రీడింగులు గంట గంటకూ తెలుగులో, మా వార్డు పేరుతో, సచివాలయం గోడ మీద కనపడాలి. జ్ఞానాపురం, మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక ఎవరి అంకె వాళ్లకు తెలియాలి. 2020 మే 7 తెల్లవారుజామున మా ఊరి వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకైనప్పుడు జనానికి తాము పీల్చే గాలిలో ఏముందో చెప్పినవాళ్లు లేరు. అది ప్రమాదం, ఇది ఏటా వచ్చే కాలం. తేదీలతో సహా ముందే తెలిసిన కాలం.

ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. అధికారులతో ఒక్కసారి మా వీధికి ఆ రోజుల్లో ఉదయం ఐదున్నరకు రండి. ముగ్గు పెట్టే చోట నిలబడి మాట్లాడుకుందాం.

ఇట్లు,
జ్ఞానాపురం నుంచి ఒక గృహిణి,
విశాఖపట్నం