కళ్లు మూసుకుంటే అందరికీ బొమ్మ కనబడదు

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఆకారాల పాఠంలో, కళ్లు మూసుకొని వేయిస్తంభాల గుడిని ఊహించుకోమన్నాను. ఒక అమ్మాయి, "నాకు ఏ బొమ్మా రాదు సార్, నల్లగనే ఉంటది. అరుగు నక్షత్రం లెక్క ఉంటదని మాత్రం తెలుసు" అన్నది. శ్రద్ధ లేదని కసురుకున్నాను. తప్పు నాదే. ఆ పిల్ల ముఖం ఇంకా మరిచిపోలేదు.

1880లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్, పొద్దున అల్పాహారం తిన్న బల్లను గుర్తు తెచ్చుకోమని చాలామందిని అడిగితే, కొందరికి బొమ్మే రాలేదు. వాళ్లలో శాస్త్రవేత్తలూ ఉన్నారు. 2015లో నాడీ వైద్యుడు ఆడమ్ జెమన్ బృందం, ఇట్లా మనసులో బొమ్మ రాకపోవడానికి 'అఫాంటేసియా' అని పేరు పెట్టింది. ఇది రోగం కాదు, తెలివితక్కువతనం అసలే కాదు.

అలాగని పిల్లలను బొమ్మల వాళ్లు, మాటల వాళ్లు అని విడగొట్టి పాఠం చెప్పడమూ సరికాదు. దానివల్ల చదువు మెరుగవుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. ఒకే లెక్కను గీసి, మాటల్లో చెప్పి, చేత్తో చేయించాలి. భిన్నాలకు నేను వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల (తివాచీల) డిజైన్ గళ్లు వాడాను. ఆ అమ్మాయే ముందు జవాబు చెప్పింది.

బీఎడ్ శిక్షణలో, "నువ్వు దీన్ని లోపల ఎట్లా ఆలోచించినవ్?" అని పిల్లలను అడగడం నేర్పాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక లెక్కల ఉపాధ్యాయుడు, హనుమకొండ